విప్పింగ్ క్రీమా, బటర్‌క్రీమా?

మే నెల విజయవాడలో పుట్టినరోజు కేకు చేయాలంటే మొదటి శత్రువు ఎండే. 100 గ్రాముల వెన్నకి 200 గ్రాముల ఐసింగ్ షుగర్ కలిపి గిలక్కొట్టిన బటర్‌క్రీమ్‌తో ఏసీ గదిలో గులాబీ రేకులు ముచ్చటగా వస్తాయి. కరెంటు పోయిందా, అంచులు జారడం మొదలు. వెన్న 32–35 డిగ్రీలకే కరుగుతుంది మరి. పైగా మనవాళ్ళకి ఆ తీపి రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది.

గడ్డకట్టి వచ్చే నాన్-డెయిరీ (పాల కొవ్వు లేని) విప్పింగ్ క్రీమ్ ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనెతో, అంటే ఆయిల్ పామ్ గింజల నూనెతో చేసేదే. ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి దింపాలి. గిన్నె కూడా చల్లబెట్టాలి. బీటర్ ఎత్తితే కొన నిటారుగా నిలబడగానే ఆపేయాలి. ఓసారి ఫోన్ మాట్లాడుతూ ఇంకో నిమిషం తిప్పాను, విరిగిన పాలలా తేలింది! రుచా? నాలిక మీద జిడ్డు పొర మిగులుతుంది. అయినా ఎండాకాలం పిల్లల కేకుకి నేను దీన్నే తీస్తాను. బటర్‌క్రీమ్ డిసెంబరులో, అదీ పూలు కావాలన్నవాళ్ళకే.