నాటకానికి ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అనే ప్యాకేజీ మనిషికి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మొన్న శనివారం మా ‘కన్యాశుల్కం’ ఆట అయింది. రెండు రోజులు గడిచినా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. లైటింగు, సౌండు, సెట్టింగు, దుస్తులు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తానంటూ నాటక పరిషత్తుల దగ్గర కార్డులు పంచే ఆ మనిషి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను. 62 వేలకు మాట్లాడుకుని 45 వేలు ముందే ఇచ్చేశాను. రసీదు కూడా అడగలేదు. ఆ తప్పు నాది, మా నాటక సమాజం సభ్యుల ముందు ఒప్పుకున్నాను.

మేం కొండ మీది కోతిని తెమ్మనలేదు. ఈ నాటకం విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. కథాకాలమూ ఇంచుమించు అదే. ఇళ్లలో కరెంటు దీపాలు లేని రోజులు. నాటకంలోని వేశ్య మధురవాణి ఇంట్లో వెలుగు దీపపు సెమ్మె నుంచి వచ్చినట్టు కనిపించాలి. ఒక పక్క నుంచి పసుప్పచ్చగా పడాలి, ముఖంలో సగం నీడలో ఉండాలి. దానికి నాలుగు హాలోజన్ లైట్లు, వాటి ముందు పెట్టే పసుపు జెల్ కాగితాలు, వెలుగు తగ్గించి పెంచే ఒక డిమ్మరు చాలు. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు ఇంటికి గుడ్డ మీద గీసిన తెర, రెండు చెక్క స్తంభాలు, ఒక అరుగు. మగవాళ్లకు నేత పంచెలు. ఆడపిల్ల వేషం కట్టి పెళ్లికూతురుగా వెళ్లే శిష్యుడికి పట్టు పరికిణీ. మధురవాణికి కంటె, అంటే మెడకు పట్టి ఉండే కడ్డీ నగ. ఇదంతా రాసి, ఫోటోలు జతచేసి నెల ముందే పంపాను. ‘మీరు నిశ్చింతగా ఉండండి’ అన్నాడు. నేను నిజంగానే నిశ్చింతగా ఉన్నాను.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు మూటలు విప్పాం. శిష్యుడి మూటలో చమ్కీల లెహంగా, పెళ్లి సంగీత్‌లకు కట్టేది. తెర అని తెచ్చింది ఫ్లెక్సీ, దాని మీద రాజస్థాన్ కోట కమానులు. అగ్రహారంలో లుబ్ధావధాన్లు ఇంటి వెనక కోట! పైగా ఫ్లెక్సీ నునుపుగా ఉంటుంది కాబట్టి ఎదురుగా లైటు వేస్తే అద్దంలా మెరుస్తుంది. గుడ్డ తెర వెలుగును తనలోకి పీల్చుకుంటుంది, అందుకే దాని ముందు నిలబడిన మనిషి విడిగా కనిపిస్తాడు. సురభి నాటక కుటుంబాల వాళ్లు 1885లో మొదలుపెట్టి ఇన్ని తరాలుగా రంగుల గుడ్డ తెరలను ఊరూరా మోసుకు తిరుగుతున్నారంటే ఆ తెరల విలువ తెలిసే.

ఇవన్నీ ఎలాగో సర్దుకునేవాళ్లం. కంటె విషయం మాత్రం నేను మరిచిపోలేను.

నాటకం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, కంటె అందులో అలంకారం కాదు. పెళ్లికూతురికి పెట్టాలని రామప్పంతులు దాన్ని మధురవాణి దగ్గర పుచ్చుకుంటాడు. పెళ్లికూతురి వేషంలోని శిష్యుడు మాయమయ్యాక, నా కంటె నాకు తెచ్చి ఇమ్మని ఆమె నిలదీస్తుంది. అది ఆమె మెడలో ఉండటం, లేకపోవడం చివరి వరసలో వాళ్లకు కూడా తెలియాలి. మా మధురవాణి మూడు నెలలు ఇత్తడి తీగను వంచి చేసుకున్న కడ్డీతో సాధన చేసింది. రెండు చేతులతో దాని కొసలు విడదీసి మెడ నుంచి తీసి ఇవ్వడం, తరువాత బోసి మెడను వేళ్లతో తడుముకోవడం. ఆ వేళ్ల కోసమే పక్క నుంచి ఒక లైటు అడిగాం. మూటలో ఉన్నది పొట్ట దాకా వేలాడే ప్లాస్టిక్ రాళ్ల హారం.

కంటె ఏదని అడిగాను. అతను ఫోనులోంచి తల ఎత్తలేదు. ‘మెడలో ఏదో ఒకటి మెరుస్తుంది కదండీ. ఈ రోజుల్లో నాటకం చూసేదెవరు, మీ చుట్టాలే కదా’ అన్నాడు. మధురవాణి వేషం కట్టే మా అమ్మాయి అక్కడే, సగం మేకప్‌తో, ఆ హారం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్లిపోయింది. 45 వేలు పోయినందుకు కాదు, ఆ మాట ఆమె చెవిన పడినందుకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడే సామాను వెనక్కి పంపి, ఉన్న ట్యూబులైట్ల కింద సొంత పంచెలతో ఆడాల్సింది. హాలు నిండుతోందని భయపడ్డాను.

లైట్ల సంగతి తెర లేచాక గానీ తెలియలేదు. తెచ్చినవి పెళ్లి స్టేజీల ఎల్‌ఈడీలు, డిమ్మరు లేదు, శబ్దాన్ని బట్టి రంగులు మారేలా పెట్టి వదిలేశాడు. పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చి గొంతు పెంచితే స్టేజీ ఎర్రబడింది, ఆకుపచ్చగా మారింది. ఆ సన్నివేశం నవ్వించేదే కాబట్టి గడిచిపోయింది. కానీ చివర మగవేషంలో వచ్చిన మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట తానెవరో బయటపెట్టే చోట కూడా ప్రతి మాటకూ రంగు మారింది. జనం నవ్వారు. కాలర్ మైకు కోటు గుడ్డకు రాసుకుని గరగరమంటుంటే ఆ నవ్వుల్లో ఆమె మాటలు సగం వినబడలేదు. వేషం మార్చే పాత్రకు కాలర్ మైకు వద్దు, పైనుంచి వేలాడే మైకులు కట్టమని నేను రాసి ఇచ్చాను కూడా.

ఆదివారం ఫోను చేస్తే మిగతా 17 వేలు ఎప్పుడిస్తారని అడిగాడు. ఇవ్వనన్నాను. ఇప్పుడు నా నంబరు తీయడం లేదు.

మీరు ఎవరితో మాట్లాడుకున్నా బయానా నాలుగో వంతు మించి ఇవ్వకండి. దుస్తులు మూడు రోజుల ముందే తెప్పించి ఒంటి మీద వేసి చూడండి. లైట్లు చీకట్లో వెలిగించి చూపించమనండి, డిమ్మరు ఉందో లేదో మీ చేత్తో తిప్పి చూసుకోండి. కంటె మాత్రం అద్దెకు అడగకండి, మీ ఊళ్లో కంసాలి చేత ఇత్తడిలో చేయించి పూత వేయించుకోండి. మేం నిన్న ఒకటి చేయమని ఇచ్చాం.