కొలతల్లో లోపం లేదు, మెనూలోనే ఉంది

ఆరు నెలలుగా నా పనిబల్ల మీద, విద్యుత్ సంకేతాలను తరంగాలుగా గీసి చూపే రెండు చానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్ ఒకటి ఉంది. బ్యాండ్‌విడ్త్ (అది చూపగల పౌనఃపున్యాల హద్దు) 100 మెగాహెర్ట్జ్, తెర ఏడంగుళాల టచ్ స్క్రీన్. దీని కొలతల మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే ఆసిలోస్కోప్‌తో పని చేసేవారి కళ్లు తరంగం మీద, ఒక చేయి ప్రోబ్ (సర్క్యూట్‌కు తాకించే కొలత తీగ) మీద ఉంటాయి కనుక, మిగిలిన ఒక్క చేతితో తెరను ఎంత సులువుగా నడపగలమన్నదే రోజువారీ పనిలో తేలవలసిన విషయం. ఈ సమీక్ష దాని గురించే.

ముందు మెచ్చుకోదగినది చెప్పాలి. మొదటి చానెల్ తరంగం పసుపు రంగులో, రెండోది నీలంలో కనిపిస్తాయి. నాబ్‌ల చుట్టూ కూడా అవే రంగులు ఉన్నందువల్ల ఏ నాబ్ దేనిదో వెతుక్కోనక్కరలేదు. పొజిషన్ నాబ్‌ను నొక్కితే తరంగం సున్నా గీత మీదికి వచ్చేస్తుంది. ట్రిగర్ లెవెల్ (తరంగం ఏ వోల్టేజీని దాటినప్పుడు గీయడం మొదలుపెట్టాలో చెప్పే నాబ్) తిప్పుతున్నంతసేపూ అడ్డగీత కనిపించి, చేయి తీయగానే మాయమవుతుంది. ఇంతవరకు మెనూ అవసరమే రాదు.

మెనూలోకి వెళ్లవలసి వచ్చినప్పుడే చిక్కులు మొదలవుతాయి. ప్రోబ్ పిడి మీది మీట 10ఎక్స్ వైపు (అంటే సంకేతాన్ని పదో వంతుకు తగ్గించి పంపేలా) ఉన్న సంగతి ఈ పరికరం తనంతట తాను తెలుసుకోలేదు, మనమే చెప్పాలి. ఆ సెట్టింగ్ చానెల్ మెనూ రెండో పేజీలో ఉంది, పైగా డిఫాల్ట్ బటన్ నొక్కిన ప్రతిసారీ 1ఎక్స్‌కు తిరిగి వెళ్తుంది. ఒకసారి 5 వోల్టులు ఉండవలసిన చోట తెర మీద 500 మిల్లీవోల్టులు కనిపించడంతో, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పోయిందనుకుని, దాన్ని బోర్డు నుంచి ఊడదీసి కొత్తది అతికించాను. కొత్తదీ 500 మిల్లీవోల్టులే ఇచ్చింది! మల్టీమీటర్ పెట్టి చూస్తే 5.02. తప్పు నాదే, కాదనను. కానీ ప్రోబ్ నిష్పత్తిని చానెల్ పేరు పక్కనే చూపించి ఉంటే ఆ అరగంట, ఆ రెగ్యులేటర్ రెండూ మిగిలేవి.

దీనికంటే ప్రమాదకరమైనది, ఒక విడతలో ఎన్ని కొలత బిందువులు దాచాలో చెప్పే మెమరీ డెప్త్ సెట్టింగ్. అది అక్వైర్ మెనూలో అట్టడుగున ఉంటుంది. దాన్ని 10,000 పాయింట్ల దగ్గర వదిలేసి, టైమ్‌బేస్‌ను (తెర మీద అడ్డంగా ఒక్కో గడి చూపే సమయాన్ని) గడికి 1 మిల్లీసెకనుగా పెడితే, పది గడుల తెర మీద 10 మిల్లీసెకన్లు పట్టాలి కనుక శాంపిల్ రేటు, అంటే సెకనుకు తీసే కొలతల సంఖ్య, 10 లక్షలకు పడిపోతుంది. అప్పుడు 8 మెగాహెర్ట్జ్ క్లాక్ సంకేతాన్ని చూస్తే, దాని వేగానికి ఆ కొలతలు చాలక, దాన్ని పుట్టించే క్రిస్టల్‌లోని స్వల్ప తేడా వల్ల, అది కొన్ని వందల హెర్ట్జ్ నెమ్మది తరంగంలా నటిస్తుంది. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది, అందుకే నమ్మేస్తాం. శాంపిల్ రేటు తెర పైమూలన రాసే ఉంటుంది గానీ, నల్లటి నేపథ్యం మీద బూడిద రంగు చిన్న అక్షరాలు కావడంతో కంటికి ఆనదు.

టచ్ విషయానికి వస్తే, కర్సర్లను (కొలత గీతలను) వేలితో జరపడం హాయిగా ఉంది, సన్నటి సర్దుబాటుకు మాత్రం నాబే నయం. మెనూ తెరుచుకుంటే కుడివైపు రెండు గడులు మూసుకుపోతాయి. అది తనంతట తాను తొలగే వ్యవధిని 10 సెకన్లుగా పెట్టుకున్నాక కొంత నయమైంది. సీరియల్ డేటా లాగా విడతలుగా వచ్చే సంకేతాలను తెర మీద నిలపాలంటే, ఒకసారి ట్రిగర్ అయ్యాక మళ్లీ అయ్యేలోపు కాసేపు ఆపి ఉంచే హోల్డాఫ్ కావాలి. దానికి ట్రిగర్ మెనూలో మూడు మెట్లు దిగాలి. తరచుగా వాడే సౌకర్యాన్ని అంత లోతున పెట్టినవారు, దాన్ని బల్ల ముందు కూర్చుని వాడి చూడలేదనిపిస్తుంది.

ప్రస్తుతానికి ప్రోబ్ 10ఎక్స్, మెమరీ 10 లక్షల పాయింట్లు ఉండేలా ఒక సెటప్‌ను దాచుకున్నాను. డిఫాల్ట్ నొక్కిన ప్రతిసారీ దాన్ని రీకాల్ చేస్తాను. దానికీ నాలుగు నొక్కులు పడతాయి.