635 గ్రాముల లెన్స్‌తో ఉప్పలపాడు చెరువు గట్టు మీద

కానన్ ఆర్‌ఎఫ్ 100-400 లెన్స్ గురించి మా పిట్టల ఫొటోల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మేడమ్, 400 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర ఎఫ్/8 అంట కదా, పిట్టలకి పనికొస్తుందా?" అని. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ కంత చిన్నదై వెలుతురు తగ్గుతుంది, వాళ్ల భయం అదీ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకసారి రాసేస్తే నయం. ఎండ పొడ వచ్చాక భేషుగ్గా పనికొస్తుంది. తెల్లారగట్ల, మునిమాపు వేళ మాత్రం కష్టం.

నేను ఎవరినో చెప్పకపోతే ఈ రివ్యూ మీకు వర్తిస్తుందో లేదో తెలియదు. గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. యాభై దాటాయి. కుడి భుజం పట్టేసి ఫిజియోథెరపీ చేయించుకున్నదాన్ని. బ్రాడీపేట నుంచి స్కూటీ మీద ఉప్పలపాడు వెళ్లి, పిట్టల్ని చూసుకుని, మొదటి పీరియడ్‌కి కాలేజీలో ఉండాలి. లెన్స్ 635 గ్రాములు, నా కానన్ ఆర్10 కెమెరా బాడీ బ్యాటరీతో కలిపి 429 గ్రాములు. రెండూ కలిపినా కిలో మీద కాస్త. టిఫిన్ బాక్సు, రికార్డు పుస్తకాలు పెట్టుకునే సంచిలోనే ఇదీ పడుతుంది. మా గ్రూపులో రైల్వేలో రిటైరైన ఒకాయన నికాన్ 200-500 మోస్తారు. అది 2.3 కిలోలు. ఆయన ట్రైపాడ్ వేసి, బిగించి, తల ఎత్తేలోపు లకుముకిపిట్ట చేపను పట్టుకుని వెళ్లిపోతుంది. నాకు ట్రైపాడ్ లేదు. దీనికి ట్రైపాడ్‌కి బిగించే పట్టీ (కాలర్) కూడా లేదు, అవసరం కూడా రాలేదు.

ఉప్పలపాడు తెలియనివాళ్లకి: పెదకాకాని మండలంలో గుంటూరుకు దగ్గరలోనే ఉన్న ఊరు. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గుంపులుగా ఉంటాయి. పిట్టల ఫొటోలు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఈ చుట్టుపక్కల నాకు తెలియదు. అవి పెద్ద పిట్టలు, గట్టుకు మరీ దూరంగా ఉండవు, చాలాసేపు కదలకుండా కూర్చుంటాయి. ఆర్10 సెన్సార్ చిన్నది కాబట్టి 400 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా లెక్కలో 640 మిల్లీమీటర్లు. ఆ దూరంలో గూడబాతు తల, ముక్కు ఫ్రేమంతా నిండుతాయి. పై ముక్కు మీద వరసగా ఉండే నీలి మచ్చలు, మెడ వెనక జుట్టులాంటి ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. కానన్‌లో జంతువుల కన్ను పట్టే ఆటోఫోకస్ పిట్టలకూ పనిచేస్తుంది. కొమ్మలు అడ్డొచ్చినప్పుడు మాత్రం కన్నొదిలి కొమ్మను పట్టుకుంటుంది. అప్పుడు మనం చూపించిన ఒక్క చుక్క మీదే ఫోకస్ చేసే సింగిల్ పాయింట్‌కి మారాల్సిందే.

ఇక ఎఫ్/8 గొడవ. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/8లో సగం వెలుతురే లోపలికి వస్తుంది. అందుకని అదే షట్టర్ స్పీడ్ కావాలంటే ఐఎస్ఓ, అంటే సెన్సార్ వెలుతురును పెంచి చూపే అంకె, రెట్టింపు చేయాలి. కూర్చున్న పిట్టకు ఇది సమస్యే కాదు. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ 5.5 స్టాపులని (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) కానన్ చెప్పుకుంటుంది. అంత లెక్క నేను వేయలేదు గానీ, నిద్రపోతున్న గూడబాతును 1/125 సెకను దగ్గర చేత్తో పట్టుకుని తీస్తే స్పష్టంగా వచ్చింది. ఎగిరే పిట్ట అలా కాదు. రెక్కలు ఆగినట్టు రావాలంటే కనీసం 1/2000 కావాలి. డిసెంబరులో మంచు తెర ఇంకా విడవని వేళ ఆ స్పీడ్ పెడితే ఐఎస్ఓ 6400 దాటిపోతుంది, ఈకలన్నీ ఇసుక చల్లినట్టు వస్తాయి. సాయంత్రం గూళ్లకు చేరే గుంపులదీ అదే కథ. అవి మీకు ముఖ్యమైతే ఈ లెన్స్ మీద డబ్బు పెట్టొద్దు. సాఫ్ట్‌వేర్‌తో ఆ ఇసుకను (నాయిస్) తీసేయొచ్చు అంటారు, తీయొచ్చు, దాంతోపాటు ఈకల నూగు కూడా పోతుంది.

వెనక దృశ్యం కరిగిపోవడం కూడా ఇందులో తక్కువే. 400ను 8తో భాగిస్తే 50 మిల్లీమీటర్ల కంత. ఆ రిటైరైన ఆయన లెన్స్‌లో 500ను 5.6తో భాగిస్తే దాదాపు 89. ఆ తేడా ఫొటోలో తెలిసిపోతుంది. కొమ్మల గుబురు మధ్య కంకణాన్ని తీస్తే ఆయనకు ఆకుపచ్చటి పరదా వస్తుంది, నాకు పుల్లల చిక్కు వస్తుంది. అందుకే నేను చోటు చూసుకుని నిలబడతాను. పిట్ట వెనక కొమ్మ కాకుండా దూరంగా నీళ్లు ఉండేలా నాలుగడుగులు పక్కకు జరిగితే చాలావరకు సరిపోతుంది. అంత తేలికైన లెన్స్ చేతిలో ఉన్నప్పుడు నాలుగడుగులు వేయడానికేం?

ఎవరూ పొగడని గుణం ఒకటుంది దీనికి. దగ్గర ఫోకస్. 0.88 మీటర్ల దూరం నుంచి ఫోకస్ అవుతుంది, మాగ్నిఫికేషన్ 0.41 దాకా, అంటే సెన్సార్ మీద బొమ్మ అసలు సైజులో 0.41 వంతు దాకా వస్తుంది. ఆదివారం ఎక్కడికీ వెళ్లలేకపోతే మా మేడ మీద నూరువరహాల కుండీల దగ్గర తేనెపిట్టల కోసం కాపు కాస్తాను. తూనీగ వాలితే దాన్నీ వదలను. దాని రెక్కల్లోని గళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

లోపాల్లో నన్ను బాగా విసిగించింది హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం. డబ్బాలో రాదు, విడిగా కొనాలి. విజయవాడలో నేను కొన్న షాపువాడు (పేరెందుకులెండి) హుడ్ తెప్పిస్తానని వాయిదాల మీద వాయిదాలు వేశాడు గానీ, 67 మిల్లీమీటర్ల యూవీ ఫిల్టర్ మాత్రం అక్కడికక్కడే అంటగట్టబోయాడు. ఫిల్టర్ వద్దు, హుడ్ తప్పనిసరి. చెరువు నీళ్ల మీద తళుక్కు అంతా ముందు గాజు మీదే పడుతుంది. ఇంకోటి, దీనికి వాన, దుమ్ము ఆపే సీలింగ్ లేదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు మనకు మామూలే కాబట్టి సంచిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంచుకుంటాను. ఇంటికొచ్చాక మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెడతాను. కృష్ణ పక్కన ఉండే విజయవాడ వాళ్లకి తేమకు లెన్స్‌లో పట్టే ఫంగస్ గురించి నేను చెప్పాలా?

ఫొటోలు పదును లేవని కొత్తవాళ్లు లెన్స్‌ను తిడుతుంటారు. మార్చి దాటాక పది గంటలకు తీసి తిడితే లెన్స్ ఏం చేస్తుంది? వేడికి నీళ్ల మీద గాలి అలలు అలలుగా కదులుతుంటే లక్షల రూపాయల లెన్స్‌లోనూ పిట్ట మసకగానే వస్తుంది. ఇంకో తిట్టు తెల్ల కొంగ తెల్ల కాగితంలా పేలిపోయిందని. చుట్టూ నల్లటి నీళ్లుంటే కెమెరా అంతా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. కెమెరా లెక్కకట్టిన వెలుగును మనం సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ వైపు ఒక స్టాప్ దాకా తగ్గించండి. నల్లటి నీటికాకి ఫ్రేమ్ నిండా ఉన్నా అంతే, మైనస్ వైపే.

నేను తీసినవి చివరికి ఎక్కడికి వెళ్తాయంటే, గ్రూపులోకే. అక్కడ అందరూ చూసేది ఫోన్‌లో. ఫోన్ తెర మీద నా ఫొటో ఏది, 2.3 కిలోల లెన్స్ ఫొటో ఏది అని గ్రూపులో పందెం పెట్టాను. ఎండలో తీసినవి చాలామంది తప్పే చెప్పారు. మామూలుగా పంపితే వాట్సాప్ నొక్కి పారేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని నేను అడుగుతూనే ఉంటాను. అలా పంపితేనే కన్ను దగ్గర ఫోకస్ కుదిరిందో లేదో చూసి చెప్పగలం, ఉత్త "సూపర్" బొమ్మలతో ఎవరికీ ఏమీ రాదు. మా గ్రూపులో గూట్లో పిల్లల ఫొటోలు, గుడ్లగూబ కూర్చున్న చెట్టు జాడ పెట్టకూడదని నియమం ఉంది. ప్రింట్ వేయించేవాళ్లకి ఒక మాట: ఆర్10 ఫొటో 6000 బై 4000 పిక్సెళ్లు, కోయకపోతే ఏ3 దర్జాగా వస్తుంది. వెడల్పు, ఎత్తు రెండూ సగానికి కోస్తే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) పది అంగుళాల వెడల్పు దగ్గర ఆగిపోవాలి.

దీనికి ఆర్‌ఎఫ్ 1.4 ఎక్స్‌టెండర్ (జూమ్‌ను 1.4 రెట్లు పెంచే చిన్న అద్దాల గొట్టం) తగిలించుకోవచ్చా అని మా స్టూడెంట్ ఒకమ్మాయి అడిగింది. తగులుతుంది, 560 మిల్లీమీటర్లవుతుంది. కానీ ఎఫ్/11కి పడిపోతుంది. ఉన్న వెలుతురే చాలక అవస్థ పడుతుంటే అందులోనూ సగం పోగొట్టుకోవడానికి డబ్బులు పోయడమెందుకమ్మా, దాచుకుంటే శీతాకాలంలో కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లిరావచ్చు అన్నాను. హుడ్ మాత్రం ముందే కొనుక్కోమన్నాను.