క్లో త్రీడీలో పైకుట్టు: పొందూరు ఖద్దరు చొక్కాలకి మూడేళ్లు వాడాక

క్లో త్రీడీ అంటే బట్టల్ని కుట్టకముందే తెర మీద కుట్టి చూపించే సాఫ్ట్‌వేర్. అందులో టాప్‌స్టిచ్, అంటే పైకుట్టు, బొమ్మ మాత్రమే. ముక్కల్ని పట్టి ఉంచేది అతుకు. పైకుట్టు దాని పక్కన గీసిన గీత. ఎక్కడ గీసినా సాఫ్ట్‌వేర్ కాదనదు. అందుకే తెర మీద చక్కగా ఉన్న చొక్కా మిషను దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది.

శ్రీకాకుళంలో ఖద్దరు చొక్కాలకి వాడుతూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. గీత గీసేముందు, ప్రతి అతుకులో లోపలి మార్జిన్ (అతుకు దాటి మిగిలే గుడ్డ అంచు) ఎటు వాలాలో తేల్చుకోవాలి. యోకు (భుజాల మీద వచ్చే పై ముక్క) దగ్గర అది పైకి వాలుతుంది కాబట్టి పైకుట్టు యోకు మీదే ఉండాలి. వీపు ముక్క మీద గీస్తే సూది కింద మార్జిన్ ఉండదు, ఒంటి పొర మీద ఉత్త కుట్టు పడుతుంది.

మడత కుట్టు వేసే పక్క అతుకులో ఒక ముక్కకి 6 మి.మీ., రెండోదానికి 13 మి.మీ. మార్జిన్ ఇవ్వాలి. పెద్దది చిన్నదాన్ని చుట్టి 7 మి.మీ. దగ్గర మడత పడుతుంది; కుట్టు 6 దగ్గర. కాబట్టి సీమ్‌లైన్ టాప్‌స్టిచ్‌తో (అతుకు వెంట పైకుట్టు గీసే సాధనం) ఒకవైపే, 6 మి.మీ. దూరంలో, ఒకే గీత. రెండు ముక్కలకీ సమానంగా 10 ఇస్తే తెర మీద తేడా తెలియదు, మిషను మీద మడత అందదు.

కుట్టు పొడవు 2.1 మి.మీ. పెడతాం, అంటే ఇంచికి 12. సన్న ఖద్దరులో ఇంకా దగ్గర చేస్తే పోగులు ఒత్తుకుని గుడ్డ ముడుచుకుంటుంది. తెర మీద ఆ ముడతలు వాటంతటవి రావు; పకరింగ్ (కుట్టు వెంట ముడతలు) కూడా విడిగా అతికించే బొమ్మే. ముడత లేదని నమ్మకండి, పీలిక మీద 11 నంబరు సూదితో కుట్టి చూడండి.

కాలరు, కఫ్ అంచుల అతుకుల్ని 'టర్న్‌డ్' (తిరగేసి మడిచిన అతుకు) అని పెట్టకపోతే ఉబ్బుతాయి. పార్టికల్ డిస్టెన్స్ (తెర మీద గుడ్డని చేసే చుక్కల మధ్య దూరం) మొదట 20 మి.మీ. ఉంటుంది. ఈ రెండింటికే 5కి తగ్గిస్తే చాలు. చొక్కా అంతటికీ తగ్గిస్తే కంప్యూటర్ నత్తనడకే.

బాగా అక్కరకొచ్చేది, కలిపి కుట్టే రెండు అంచుల పొడవుల పోలిక. చేతి తల (చేతి ముక్క పై వంపు) చంక వంపు కంటే ఎంత పెద్దదో గుడ్డ కోయకముందే తెలుస్తుంది. మడత కుట్టు చంకలో ఆ తేడా 1 సెం.మీ. మించితే సర్దడం కష్టం.

ఖద్దరు కుంచించుకోవడం మాత్రం మనమే లెక్కగట్టాలి. 50 సెం.మీ. చదరం ముక్కని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి కొలవాలి. నిలువు 48.5కి దిగితే, ప్యాటర్ను పొడవుని 50తో గుణించి 48.5తో భాగించాలి. అడ్డానికీ అలాగే, దాని కొలతతో. మార్జిన్లని మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. 6, 13 అలాగే ఉండాలి.