ఎక్స్‌ఎమ్‌రిగ్ రివ్యూ: మామూలు ప్రాసెసర్‌తో మొనేరో మైనింగ్

సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవడానికి మా షాపుకొచ్చే కుర్రాళ్లలో ఎవరో ఒకరు "అన్నా, దీంట్లో మైనింగ్ అవుద్దా?" అని అడుగుతూనే ఉంటారు. మైనింగంటే కంప్యూటర్‌తో లెక్కలు చేయించి క్రిప్టో కాయిన్లు సంపాదించడం. బిట్‌కాయినైతే ఆశ వదులుకోమంటాను. అక్కడ ఆ ఒక్క లెక్క కోసమే చేసిన ఏసిక్ మిషన్లది మన ప్రాసెసర్ కన్నా లక్షల రెట్లు స్పీడు. మొనేరో అనే ఇంకో క్రిప్టో కాయిన్ కథ వేరు. దానికోసం షాపులో నా రైజెన్ 5 3600 ప్రాసెసర్ మీద ఉబుంటులో ఎక్స్‌ఎమ్‌రిగ్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఓపెన్ సోర్స్. నడిచే టైములో ఒక్క శాతం డెవలపర్లకు పోతుంది, పోనివ్వండి.

2018లో మైనింగ్ మిషన్లు చేసే బిట్‌మెయిన్ కంపెనీ మొనేరో కోసం ఆంట్‌మైనర్ ఎక్స్3 అనే ఏసిక్ ప్రకటిస్తే, మొనేరో వాళ్లు మైనింగ్ లెక్క పద్ధతి, అంటే అల్గారిథమే మార్చేసి దాన్ని పనికిరాకుండా చేశారు. అలా మార్చుకుంటూ పోయి, చివరకు 2019 నవంబరులో ర్యాండమ్‌ఎక్స్ అనే అల్గారిథమ్‌కు వచ్చారు. ఇందులో ప్రతి హ్యాష్‌కూ (మైనింగ్‌లో ఒక్కో లెక్కకూ) ప్రోగ్రాములు అప్పటికప్పుడు పుడతాయి. ఏ లెక్క వస్తుందో ముందే తెలియదు కాబట్టి, దీనికోసం చిప్ చేయబోతే తయారయ్యేది ఇంకో ప్రాసెసరే! పైగా ర్యామ్‌లో 2 జీబీ పైచిలుకు డేటాసెట్, ఒక్కో థ్రెడ్‌కు (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనుల్లో ఒకదానికి) 2 ఎంబీ క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే స్పీడు మెమరీ కావాలి. నా 3600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, అందుకే 12 థ్రెడ్లూ పనిచేస్తాయి. రైజెన్ 5 5600జీ కొత్తదే అయినా క్యాష్ 16 ఎంబీయే, ఎనిమిది థ్రెడ్లతో సరిపెట్టుకోవాలి. ఆ లెక్క ఎక్స్‌ఎమ్‌రిగ్ తనే వేసుకుంటుంది.

స్టార్టవగానే హ్యూజ్ పేజెస్ (ర్యామ్‌ను పెద్ద ముక్కలుగా వాడుకునే సెట్టింగ్) దగ్గర 100% 1168/1168 అని రావాలి. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) నడపకపోతే స్పీడు పడిపోతుంది. నాకు సెకనుకు ఏడువేల హ్యాష్‌ల దరిదాపుల్లో వస్తోంది. బిల్లు కొట్టాల్సి వస్తే 'పి' నొక్కి ఆపుతాను, తర్వాత 'ఆర్' నొక్కితే మళ్లీ మొదలు. విండోస్‌లో మాత్రం దాని యాంటీవైరస్ డిఫెండర్ దీన్ని పట్టేసుకుంటుంది. పక్కవాడి సిస్టమ్‌లో దొంగచాటుగా మైనింగ్ చేసేవాళ్లూ దీన్నే వాడతారు మరి.

2023లో మొనేరో కోసం ఆంట్‌మైనర్ ఎక్స్5 వచ్చింది: సెకనుకు 212 కిలోహ్యాష్‌లు (2,12,000 హ్యాష్‌లు), 1350 వాట్లు. నా సిస్టమ్‌తో వాట్ లెక్కన పోలిస్తే దాని బలం రెండింతలకు అటూ ఇటూ, అంతే. ఏసిక్‌లు మామూలు ప్రాసెసర్లను మరీ మించిపోకుండా చూస్తానన్న మాటను ర్యాండమ్‌ఎక్స్ నిలబెట్టుకున్నట్టే.

డబ్బులంటారా? రెండు నిమిషాలకో బ్లాకు (లావాదేవీల కట్ట), బ్లాకుకు 0.6 మొనేరో, దాన్ని ప్రపంచమంతా పంచుకోవాలి. నా వాటా కరెంటు బిల్లుకే చాలదు. అమ్మితే 30 శాతం పన్ను, అందులో మైనింగ్ ఖర్చు చూపించుకోవడం కుదరదు. క్రిప్టో ఎక్స్ఛేంజీ బైనాన్స్ కూడా 2024లో మొనేరోను తీసేసింది.

అయినా దీన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయను. ర్యామ్ ఓవర్‌క్లాక్ చేసిన (స్పీడు పెంచిన) ప్రతి సిస్టమ్‌నూ కస్టమర్‌కు ఇచ్చే ముందు దీని బెంచ్‌మార్క్ నడుపుతాను. పది లక్షల హ్యాష్‌లకు రెండు మూడు నిమిషాలు. చివర్లో హ్యాష్ సమ్ (లెక్కలన్నిటి మొత్తం) ఎర్రగా వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే, ఆ సిస్టమ్ షాపు దాటదు.