చమురు బావులు: కంపెనీ తనిఖీయా, ప్రభుత్వ పగ్గమా?

చెన్నైలో స్థిరపడిన కోనసీమవాళ్లం కలిస్తే ఈ వాదన తప్పదు. భద్రతను బావి తవ్వే కంపెనీకే వదిలేయాలా, ప్రభుత్వమే గట్టిగా పట్టుకోవాలా?

మొదటి దారికి బలం లేకపోలేదు. భూగర్భంలో పీడనం ఎలా ఉందో, ఏ పరికరం ఎప్పుడు మార్చాలో అక్కడి ఇంజినీర్లకే బాగా తెలుసు. కానీ పని ఆపితే నష్టం కంపెనీకి, ఆపకపోతే ముప్పు ఊరికి. 1995 జనవరిలో మా కోనసీమలోని పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, రెండు నెలలకు పైగా మండింది. 2014లో అక్కడే నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. ఎంతమంది నిద్రలోనే కాలిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రెండో దారిలో ఖర్చు, జాప్యం ఎక్కువే. అయినా అదే పనిచేస్తుంది, తనిఖీ చేసేవాళ్లు ఉత్పత్తి పెంచే శాఖ కింద లేకపోతే. 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక కాలి 167 మంది చనిపోయాక, బ్రిటన్ భద్రత బాధ్యతను ఇంధన శాఖ నుంచి తీసి వేరే సంస్థకు అప్పగించింది. ప్రమాదాలను ఎలా అదుపు చేస్తారో కంపెనీలు ముందే రాసిచ్చి ఒప్పించాలి. అలా ఇంజినీర్ల నైపుణ్యమూ వృథా కాదు. మన దేశంలో చమురు పరిశ్రమ భద్రతను చూసే ఓఐఎస్‌డీ మాత్రం పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందే ఉంది.

తమిళనాడు 2020లో చట్టం చేసి కావేరి డెల్టాలో కొత్త తవ్వకాలనే నిషేధించింది. గోదావరి డెల్టాకు అంత దూరం వెళ్లకపోయినా, బావిని అక్కడికక్కడే ఆపించగల స్వతంత్ర సంస్థ కావాలి. దాని తనిఖీ నివేదికలు తెలుగులో పంచాయతీ ఆఫీసులో అంటించాలి.