ఎందుకు ఆగిందో చెప్పని సౌండ్ బాక్స్

గుంటూరు బ్రాడీపేటలో మాది జిరాక్స్ షాపు. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చదివే యూపీఐ సౌండ్ బాక్స్ కౌంటర్ మీద పెట్టి చాలా కాలమైంది. అద్దె ఎంత, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది దాని గొంతు గురించి.

జిరాక్స్ పనిలో రెండు చేతులూ ఖాళీ ఉండవు. నాలుగు రూపాయలు వచ్చాయా, ఆరు వచ్చాయా అని ప్రతిసారీ ఫోన్ తీసి చూడటం కుదరదు. ఈ పెట్టె వచ్చాక ఆ పని చెవులు చూసుకుంటున్నాయి. మా నాన్నగారికి చూపు తగ్గింది, ఫోన్‌లో మెసేజ్ చదవలేరు. అయినా "అది చెప్పుద్దిలే, నువ్వు లోపల పని చూసుకో" అని ధీమాగా కౌంటర్లో కూర్చుంటున్నారు. ఆ ధీమా కోసం ఎంత అద్దె కట్టినా తక్కువే అనిపించేది.

షాపులో సాయం చేస్తుంటాను గానీ నా ఉద్యోగం యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేయడం. లోపల ఏం జరుగుతోందో వాడేవాళ్లకు ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలన్నది మా రంగంలో మొదటి పాఠం. వాడకానికి తేలికైన డిజైన్ విషయంలో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో ప్రకటించిన పది సూత్రాల్లోనూ మొదటిది అదే. స్క్రీనే లేని ఈ పెట్టె ఆ సూత్రాన్ని మేం గీసే చాలా స్క్రీన్ల కంటే బాగా పాటిస్తోందని ఆఫీసులో చాలామందికి చెప్పాను.

ఇంటర్ పరీక్షలప్పుడు ఒక పొద్దున అది మోగడం మానేసింది. షాపు నిండా హాల్ టికెట్ కాపీల కోసం వచ్చిన పిల్లలు. ఒకబ్బాయి స్కాన్ చేసి, ఆకుపచ్చ టిక్ చూపించి "పడ్డాయి బాబాయ్" అన్నాడు. "మోగలేదయ్యా" అన్నారు నాన్న. అచ్చం అలాంటి టిక్ చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. స్క్రీన్ చూసి నమ్మలేకే కదా షాపుల వాళ్లం ఈ పెట్టె పెట్టుకున్నది! అబ్బాయి ముఖం ఎర్రబడింది. వెనక పది మంది, గోడ మీద గడియారం. మారు మాట్లాడకుండా మళ్లీ స్కాన్ చేశాడు. అప్పుడూ మోగలేదు. కాగితాలు అతని చేతిలో పెట్టి నాన్న పంపించేశారు. నేను లోపలి నుంచి వచ్చి ఫోన్‌లో చూస్తే రెండుసార్లూ డబ్బు పడే ఉంది.

అంతకన్నా ఇబ్బంది తర్వాత వచ్చింది. చాలాసేపటికి సిగ్నల్ అందుకుని, ఆగిపోయిన మొత్తాలన్నీ వరసగా చదవడం మొదలుపెట్టింది. ఎవరివో ఎప్పటివో చెప్పదు. అప్పుడు కౌంటర్ ముందున్న ఇద్దరు ఇంకా డబ్బు కట్టనేలేదు. వాళ్లవే పడ్డాయనుకుని నాన్న కాగితాలు ఇచ్చేశారు.

కస్టమర్ ఫోన్‌లో టిక్ వచ్చే దారి వేరు, మా పెట్టెకు కబురు వచ్చే దారి వేరు. పెట్టెలో ఉన్న సిమ్‌కు సిగ్నల్ లేకపోతే డబ్బు చేరినా కబురు చేరదు. అది సహజమే, దానికి నాకు కోపం లేదు. డబ్బు రాకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా ఒకేలా ఊరుకోవడమే నా బాధ. పక్కన చిన్న లైటు రంగు మారుతుందట, రద్దీలో దాన్ని ఎవరు చూస్తారు? "నెట్‌వర్క్ లేదు" అన్న ఒక్క మాట పెట్టెలోనే రికార్డు చేసి పెడితే, అది పలకడానికి నెట్‌వర్క్‌తో పనే లేదు. ఆలస్యంగా వచ్చినవాటికి ముందు టైమ్ చెప్తే చాలు, ఎవరివో మేమే పోల్చుకుంటాం. పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస నిలవదని కూడా నీల్సనే అంటారు. మా కౌంటర్ దగ్గర ఆ పది సెకన్లలో మనిషే మారిపోతాడు.

వ్యాపారికి డబ్బు చేరకపోతే ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే గడువు పెట్టింది. కానీ ఇక్కడ డబ్బు చేరింది. నిజం చెప్పిన పిల్లాడు అందరి ముందూ అబద్ధం చెప్పినవాడిలా నిలబడాల్సి వచ్చింది. సాయంత్రం అతను కనిపిస్తే నాలుగు రూపాయలు చేతిలో పెట్టాం, తీసుకున్నాడు గానీ ముభావంగానే ఉన్నాడు.

ఇంకోటి, మొత్తం కంటే ముందు కంపెనీ పేరు చదువుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు పట్టించుకోం. వరసగా నలుగురు కడితే మాత్రం నాలుగో వాళ్లు ఆ పేరు నాలుగుసార్లు వినేదాకా నిలబడాలి.

ఇప్పటికైతే తీసేయడం లేదు. మా బేరాలు రెండు, నాలుగు రూపాయలవి, పొరపాటు జరిగినా పోయేది తక్కువ. పెద్ద మొత్తాలు వచ్చే బట్టల షాపు వాళ్లకు ఇదే మాట చెప్పలేను. చిన్న స్క్రీన్ ఉన్న మోడళ్లు కూడా వచ్చాయి, వాటిని నేను వాడలేదు. మాది పాతది, పైగా మా షాపు లోపలికి ఉండటంతో సిగ్నల్ అంతంతమాత్రం. అందుకే పెట్టెను గుమ్మం పక్కకు మార్చాం. పరీక్షల రోజుల్లో మాత్రం ఫోన్ పట్టుకుని నాన్న పక్కన నేనే కూర్చుంటున్నాను.